35 సిట్టింగుల కరెంటు, మూడున్నర స్టార్లు

స్టార్లు ముందే చెప్పేస్తాను. 5కి 3.5. లాబీలో అద్దాలు, ఏసీ, పూలకుండీలు చూసి ఇచ్చినవి కావు, వాటికైతే కళ్ళు మూసుకుని 5 ఇచ్చేవాణ్ణి. ఆస్పత్రి పేరు రాయను. మావయ్య చెకప్‌లు ఇంకా అక్కడే నడుస్తున్నాయి, పైగా నేను చెప్పబోయేది ఏ రేడియేషన్ సెంటర్‌కి వెళ్ళేవాళ్ళకైనా పనికొచ్చేదే. గోదావరి అవతల ఒక టౌన్లో ప్రైవేటు ఆస్పత్రి, అంతవరకు తెలిస్తే చాలు.

పేషెంటు మా మేనమామ. 61 ఏళ్ళు, పి.గన్నవరం వైపు ఒక లంక ఊరు, కొబ్బరికాయల వ్యాపారం. ఊహ తెలిసినప్పటినుంచి ఆయన నోట్లో లంక పొగాకు చుట్ట చూడని రోజు నాకు గుర్తులేదు. సంక్రాంతి దగ్గర గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, మంచు పడిందన్నారు, మిరియాల కషాయం తాగించారు, నాలుగు నెలలు అలా గడిచిపోయాయి. మీ ఇంట్లో పొగ తాగేవాళ్ళకి మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉంటే కషాయం పక్కన పెట్టి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, మేం చేసిన తప్పు మీరు చేయకండి. సన్నటి కెమెరా గొట్టం ముక్కులోంచి దింపి చూస్తే స్వరపేటిక మీద గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సర్, స్టేజి 3. రెండు దారులు చెప్పారు. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేస్తే మెడ దగ్గర రంధ్రంలోంచి ఊపిరి పీల్చాలి, మాట పోతుంది. లేదంటే 35 సిట్టింగుల రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి కీమో. కాయలు లెక్కపెట్టే మనిషికి గొంతు లేకపోతే ఎలాగండి అని మావయ్య రెండోది ఎంచుకున్నాడు.

మా వైపు దీన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆ మాట వల్లే సగం భయం. మా అత్తయితే షాక్ కొడుతుందేమోనని మొదటిరోజు ఆయన చేతికున్న రాగి కడియం తీయించేసింది. నిజానికి ఒంట్లోకి కరెంటు ఏమీ రాదు. లీనియర్ యాక్సిలరేటర్ అనే పెద్ద మిషన్ ఎలక్ట్రాన్లని బాగా వేగంగా పరిగెత్తించి టంగ్‌స్టన్ లోహం మీదకి కొడితే ఎక్స్‌రేలు పుడతాయి. కాలు విరిగితే తీసే ఎక్స్‌రేలాంటిదే, కాకపోతే దానికంటే ఎన్నో రెట్లు శక్తి గలది. తగిలినట్టు కూడా తెలియదు, నొప్పి లేదు, వేడి లేదు, కాసేపు జుయ్ మని చప్పుడు, అంతే.

ఇక అసలు విషయం, ఈ ఆస్పత్రికి నేను 3.5 ఇవ్వడానికి కారణమైన విషయం. మొదటి కన్సల్టేషన్‌లో డాక్టరమ్మ మాకు ఓపిగ్గా 40 నిమిషాలు ఇచ్చింది. ఇంతకుముందు రెండు చోట్ల ఐదేసి నిమిషాల్లో పంపేశారు కాబట్టి ఇది నాకు పెద్ద సంగతే. మావయ్య సూటిగా అడిగేశాడు. "డాక్టరమ్మగారండీ, ఆ కిరణానికి ఏది చెడ్డ కణమో ఏది మంచి కణమో ఎలా తెలుస్తుందండి?"

"తెలీదు పెద్దాయనా" అంది ఆవిడ. "దానికి ఏమీ తెలీదు. రెండిటినీ ఒకేలా కొడుతుంది. తేడా అంతా కొట్టాక ఉంటుంది."

ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే యూట్యూబ్‌లో చూసిన చెత్తంతా చూసి ఉండేవాణ్ణి కాదు. రేడియేషన్ క్యాన్సర్‌ని వెతుక్కుంటూ వెళ్ళి చంపుతుందని అనుకుంటాం. అలా ఏమీ కాదు. కణం లోపల డీఎన్‌ఏ మన కొబ్బరి పీచు తాడులాగా రెండు పోగులు మెలేసి ఉంటుంది. ఎక్స్‌రే లోపలికి వెళ్ళి కొన్నిసార్లు నేరుగా ఆ తాడునే తెంపుతుంది, కానీ ఎక్కువసార్లు కణంలో ఉన్న నీటిని చీల్చి ఫ్రీ రాడికల్స్ అనేవి పుట్టిస్తుంది, అవి పోయి తాడు మీద పడతాయి. జరిగే నష్టంలో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా నీళ్ళ ద్వారానే. ఒక పోగు తెగితే పెద్ద నష్టం లేదు, పక్క పోగుని చూసి కణం మళ్ళీ అల్లుకుంటుంది. రెండు పోగులూ ఒకేచోట తెగితేనే కష్టం. ఒక్క సిట్టింగులో ఇచ్చే 2 గ్రేల డోసుకి ఒక్కో కణంలో ఇలా రెండు పోగులూ తెగే చోట్లు సుమారు 70, 80 ఉంటాయట. (గ్రే అంటే రేడియేషన్‌ని కొలిచే లెక్క, కాయలకి వందలు వేలు ఉన్నట్టు.)

ఇక్కడినుంచి దారులు వేరవుతాయి. మంచి కణానికి తాడు తెగిందని తెలియగానే రెండు కణాలుగా విడిపోయే పని ఆపేసుకుంటుంది, లోపల రిపేరు చేసుకుంటుంది, అయ్యాకే ముందుకెళ్తుంది. క్యాన్సర్ కణాల్లో చాలావాటికి ఆ ఆపుకునే బ్రేకే చెడిపోయి ఉంటుంది, అసలు అలా చెడిపోవడం వల్లే కదా అది క్యాన్సర్ అయింది. తెగిన తాడు తెగినట్టే పెట్టుకుని రెండుగా విడిపోవాలని చూస్తుంది, ఆ విడిపోయే దగ్గరే చచ్చిపోతుంది. అందుకే గడ్డ ఆ రోజుకారోజు కరగదు. కొట్టిన రోజు బాగానే ఉంటుంది, తర్వాత విడిపోబోయినప్పుడు పోతుంది, కొన్నయితే ఒకటి రెండుసార్లు విడిపోయాక పోతాయి. ట్రీట్‌మెంట్ అయిపోయాక కూడా కొన్ని వారాలు గడ్డ తగ్గుతూనే ఉండడానికి కారణం ఇదే. పదో సిట్టింగుకి గడ్డ అలాగే ఉందేంటండీ అని ఓపీలో గొడవ పెట్టుకున్న ఒకాయన్ని చూశాను, ఆయనకి ఇది ఎవరూ చెప్పలేదనుకుంటా.

మావయ్య కాసేపు ఆలోచించి, "అంటే మునిగిన చేనులాగా అన్నమాటండి" అన్నాడు. డాక్టరమ్మకి అర్థం కాలేదు. "చేను ఒక్కరోజు మునిగి, నీళ్ళు లాగేస్తే లేస్తదండి. అదే వారం రోజులు నీళ్ళలో నిలబడితే కుళ్ళిపోద్దండి. మీరు రోజూ ముంచుతారు, రోజూ నీళ్ళు తీసేస్తారు. గట్టి మొక్క లేస్తది, పుచ్చు మొక్క లేవదు. ఆయ్, అంతేనాండి?"

ఆవిడ నవ్వి, దాదాపు అంతే అంది, కానీ ఒక దిద్దుబాటు కూడా చేసింది, అది నాకు నచ్చింది. పుచ్చు మొక్క కూడా కొంత లేస్తుంది, క్యాన్సర్ కణాలు అసలు రిపేరు చేసుకోలేవని కాదు, మంచివాటి కంటే తక్కువగా, తప్పులతో చేసుకుంటాయి, ఆ కొద్ది తేడానే 35 సార్లు గుణిస్తే పెద్ద తేడా అవుతుంది అంది. ఒకేసారి 70 గ్రేలు ఇస్తే గడ్డ పోతుంది, దాంతోపాటు గొంతూ పోతుంది. ఒళ్ళంతటికీ ఒకేసారి 4 గ్రేల దాకా తగిలి వైద్యం అందకపోతే సగం మంది బతకరట. అలాంటిది 70 గ్రేలు మెడకి పట్టించి మనిషిని ఇంటికి పంపుతున్నారంటే కారణాలు రెండు. కిరణాలు చుట్టూ తిరుగుతూ అన్ని వైపులనుంచీ వచ్చి గడ్డ దగ్గర మాత్రమే కలుసుకుంటాయి, చుట్టుపక్కల దేనికీ మొత్తం డోసు పడదు. రెండోది ఈ రోజువారీ పంపకం.

ఇది ఈ మధ్య కనిపెట్టింది కూడా కాదు. పారిస్‌లో రెగో అనే శాస్త్రవేత్త పొట్టేళ్ళ మీద చేసిన ప్రయోగాల్లో తేలిందట. వృషణాల్లో కణాలు ఎప్పుడూ విడిపోతూనే ఉంటాయి, క్యాన్సర్‌లాగా. పైనున్న చర్మం మామూలు కణజాలం. ఒకే దెబ్బలో పొట్టేలుకి పిల్లలు పుట్టకుండా చేయాలని చూస్తే చర్మం మాడిపోయింది, అదే కొన్ని రోజులు విడతలుగా ఇస్తే చర్మం పాడవకుండానే పని అయింది. ఆ పద్ధతి పట్టుకుని కూటార్ అనే డాక్టరు 1922లోనే స్వరపేటిక క్యాన్సర్ ముదిరినవాళ్ళు కూడా నయమయ్యారని పారిస్‌లో చూపించాడు. సరిగ్గా మావయ్యకొచ్చిన జబ్బే. ఇది చెప్పినప్పుడు మావయ్య మొహంలో మొదటిసారి కాస్త వెలుగు చూశాను, పొట్టేళ్ళ సంగతి మాత్రం ఊళ్ళో చెప్పొద్దురా అల్లుడూ అన్నాడు బయటికొచ్చాక.

ఇంకో మంచి మార్కు అక్కడి ఫిజిసిస్ట్‌కి. కుర్రాడే, డాక్టరు కాదు, ఏ వైపునుంచి ఎంత కిరణం వెళ్ళాలో కంప్యూటర్లో లెక్క వేసేది అతనే. గడ్డ కనపడకపోయినా 35 ఎందుకండి, 20తో ఆపేయొచ్చుగా అని మావయ్య బేరం మొదలుపెడితే, అతను ఓపీ చీటీ వెనక లెక్క వేసి చూపించాడు. సెంటీమీటరు గడ్డలో సుమారు 100 కోట్ల కణాలు. ఒక సిట్టింగుకి సగం పోతాయనుకోండి. 10 సిట్టింగులకి 10 లక్షలకి దగ్గర్లో మిగులుతాయి. 20కి వెయ్యికి కాస్త తక్కువ. ఆ వెయ్యి ఏ స్కాన్‌కీ కనపడవు, కంటికీ కనపడవు, కానీ వదిలేస్తే మళ్ళీ 100 కోట్లు అవుతాయి. 30కి ఒకటి. ఆ ఒక్కటి కూడా ఉండకూడదని ఇంకొన్ని. ఇది పక్కా లెక్క కాదు, గడ్డ సైజుని బట్టి, కణాల తీరుని బట్టి మారుతుంది అని కూడా చెప్పాడు. కానీ జీవితమంతా వందలు వేలు లెక్కపెట్టిన మనిషికి ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. మావయ్య ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇప్పటికీ ఆయన పర్సులో ఉంది.

మాస్క్ గురించి. తల, మెడ రేడియేషన్‌కి మనిషి కదలకూడదు కాబట్టి మొహానికి అచ్చు పోస్తారు. చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ పలకని వేడి నీళ్ళ తొట్టిలో వేస్తే మెత్తబడిపోతుంది, దాన్ని మొహం మీద, భుజాల దాకా పరిచి నొక్కుతారు. తడి గుడ్డ కప్పినట్టు గోరువెచ్చగా ఉంటుందట, కొన్ని నిమిషాల్లో గట్టిపడిపోతుంది. ఆ తర్వాత రోజూ దాన్ని పెట్టి బల్లకి బిగిస్తారు. మావయ్యకి ఊపిరాడనట్టయింది, మొదటిరోజు చెయ్యి పైకెత్తేశాడు. టెక్నీషియన్ అమ్మాయి విసుక్కోకుండా విప్పేసి, మంచినీళ్ళిచ్చి, "బాబాయ్, లోపల కెమెరా ఉంది, నేను మిమ్మల్నే చూస్తుంటాను, చెయ్యెత్తితే చాలు ఆపేస్తాను" అని రెండోసారి పెట్టింది. ఆ అమ్మాయికి విడిగా 5 స్టార్లు. మిషన్ గదిలో గోడ పక్కన అందరి మాస్కులూ పేర్లు రాసి వరసగా తగిలించి ఉంటాయి. తలుపు సందులోంచి చూస్తే ఖాళీ మొహాలన్నీ మనవైపే చూస్తున్నట్టుంటాయి, కొన్ని చిన్నవి కూడా ఉన్నాయి, అటు చూడడం మానేశాను.

ఇప్పుడు పోయిన 1.5 స్టార్ల సంగతి.

టైము. మాకు ఇచ్చింది ఉదయం 10:30. మామూలు రోజుల్లో ఒక్కసారి కూడా 12కి ముందు లోపలికి పిలవలేదు. బల్ల మీద పని 10 నిమిషాలు, కిరణం పడేది రెండు మూడు నిమిషాలు, కూర్చోబెట్టేది రెండు మూడు గంటలు. టోకెన్ పద్ధతి లేదు, పుస్తకంలో పేరు రాయించుకుని కూర్చోవడమే, ఎవరికి తెలిసినవాళ్ళుంటే వాళ్ళ పేరు కాస్త పైకి జరుగుతుంది. రావులపాలెం మీదుగా రెండు బస్సులు మారి, పోనూ రానూ నాలుగు గంటలు ప్రయాణం చేసే మనిషికి ఇది ఎంత నరకమో ఆ రిసెప్షన్ కౌంటర్ వాళ్ళకి ఒక్కరోజు చేసి చూస్తే తెలుస్తుంది. ఆరోగ్యమిత్ర డెస్క్ మాత్రం బాగా పనిచేసింది (ఇప్పుడు స్కీము పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, మా ఊళ్ళో అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు), రేడియేషన్‌కి మా జేబులోంచి పోలేదు. పోయింది బస్సులకి, లాడ్జికి, కొబ్బరి నీళ్ళకి. కొబ్బరి వ్యాపారి టౌన్లో బొండాం కొనుక్కుని తాగడం మావయ్యకి జబ్బు కంటే పెద్ద బాధ.

లాడ్జి ఎందుకంటే వరద. ఆషాఢంలో మొదలుపెట్టాం, పన్నెండో సిట్టింగుకి గోదావరి పెరగడం మొదలైంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, మా ఊరి కాజ్‌వే అంతకంటే ముందే మునుగుతుంది. ఇంకా పడవ దాటొచ్చులే, నాలుగు రోజులు ఆగి వెళ్దాంలే అని ఇంట్లో అందరూ అన్నారు. నేను డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ ఒక్కటే అడిగింది, ఈ రాత్రికి బయటికి రాగలరా అని. రాత్రి టార్చి లైటు వేసుకుని, మాస్కు గదిలో భయపడ్డ మనిషిని పడవలో కూర్చోబెట్టి దాటించాం.

ఎందుకంత తొందర అంటే, పైన చెప్పిన లెక్కకి ఒక తిరుగుడు ఉంది. చచ్చినవి చావగా మిగిలిన క్యాన్సర్ కణాలు ఊరికే ఉండవు. తల, మెడ క్యాన్సర్లలో నాలుగో వారం ప్రాంతంలో అవి మామూలుకంటే వేగంగా పెరగడం మొదలుపెడతాయి. పంట కోస్తే పిలకలు వేసినట్టు. అందుకని మొత్తం ట్రీట్‌మెంట్ ఒక్కరోజు సాగితే జబ్బు అదుపులోకొచ్చే అవకాశం ఒక శాతమో, ఇంకాస్త ఎక్కువో తగ్గుతుంది. శని, ఆదివారాల సెలవు లెక్కలో ముందే ఉంటుంది, ఆ రెండురోజులు మంచి కణాలకి తేరుకునే వ్యవధి. మనంతట మనం వేసుకునే సెలవు మాత్రం క్యాన్సర్‌కి ఇచ్చిన సెలవు.

మరి అంత చెప్పినవాళ్ళు, ఇరవై మూడో సిట్టింగు రోజున మిషన్ చెడిపోతే ఒక్కరికీ మెసేజ్ పెట్టలేదు. గురువారం. 40 మందికి పైగా ఉన్నాం హాల్లో, ముక్కులో గొట్టాలు, మెడకి గుడ్డలు. 11కి చెప్పారు ఈరోజు లేదని. శుక్రవారం కూడా లేదు. మిషన్లు చెడిపోతాయి, దానికి నేను స్టార్ తీయను. ఉదయం 7కి ఇంజనీరుకి ఫోన్ చేసినవాళ్ళు పేషెంట్లకి కూడా ఒక మెసేజ్ పెట్టొచ్చు కదా, దానికి తీశాను. కొత్తపేట నుంచి వచ్చిన ఒకావిడ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

కానీ ఆ తర్వాత చేసింది సరిగ్గా చేశారు, అది కూడా రాయాలి. పోయిన రెండు రోజుల్ని చివర్లో తగిలించి ఊరుకోలేదు. శనివారం మిషన్ నడిపారు. తర్వాతి వారం ఒకరోజు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో కచ్చితంగా 6 గంటలు తేడా పెట్టి ఇచ్చారు. మధ్యాహ్నం ఖాళీగానే ఉంది కదా, ఇప్పుడే ఇచ్చేయండి, పోతాం అని మావయ్య అంటే టెక్నీషియన్ అమ్మాయి ససేమిరా అంది. ఆ 6 గంటలు మంచి కణాలు తాళ్ళు అల్లుకోవడానికి. అది తగ్గిస్తే దెబ్బ ఇప్పుడు కనపడదు, ఏళ్ళ తర్వాత వెన్నుపాములోనో దవడ ఎముకలోనో కనపడుతుంది. మీరు వెళ్ళే సెంటర్‌లో మిషన్ ఆగితే ముందు అడగాల్సింది ఇదే, పోయిన రోజుల్ని ఎలా సర్దుతారు అని. నీళ్ళు నమిలితే అనుమానించండి.

సైడ్ ఎఫెక్ట్స్. మంచి కణాల్లో కూడా త్వరత్వరగా విడిపోయేవి ముందు దెబ్బతింటాయి. నోటి లోపలి పొర, చర్మం, వెంట్రుక కుదుళ్ళు. మూడో వారానికి గొంతులో పుండ్లు, మింగితే గాజుపెంకులు దిగినట్టుందట. గడ్డం రాలింది, మెడ వెనక జుట్టు కూడా చారలా రాలింది, కిరణం అటు బయటికి పోయే దారి కదా. మెడ చర్మం కమిలి నల్లబడింది. నాలుకకి రుచి చచ్చిపోయింది. సరిగ్గా పులస చేపల సీజన్. ఎవరో అభిమానంతో వేలు పోసి కొన్న పులస పులుసు పంపించారు, మావయ్య ఒక ముద్ద పెట్టుకుని, ఇసుకలా ఉందిరా అని గిన్నె నావైపు తోసేశాడు. నేను తిన్నాను. బాగుంది. తిన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

లాలాజలం చిత్రంగా మొదటి వారంలోనే తగ్గింది. ఆ గ్రంథి కణాలు త్వరగా విడిపోయేవి కాకపోయినా రేడియేషన్‌కి ఎంచేతో తొందరగా లొంగిపోతాయని డాక్టరమ్మ చెప్పింది. అంటే వేగంగా పెరిగేవే చస్తాయి అనే సూత్రం అన్నిచోట్లా పనిచేయదన్నమాట.

ఇక్కడ క్యాంటీన్‌ని కడిగేయాలి. నోరంతా పుండ్లున్న మనుషులు రోజుకి వందమంది తిరిగే ఫ్లోర్‌లో దొరికేవి మిరపకాయ బజ్జీ, పులిహోర, కారప్పొడి ఇడ్లీ. 12 దాటితే పెరుగన్నం అయిపోతుంది. డైటీషియన్ చీటీలో రాసిచ్చేది రాగిజావ, మెత్తటి అన్నం, గుడ్డు, పాలు. ఆ చీటీ క్యాంటీన్ వాళ్ళకి ఒకటి చూపిస్తే పోయేది. నేను రెండోవారం నుంచి ఫ్లాస్కులో జావ పట్టుకెళ్ళాను. బరువు తగ్గనివ్వకండి, ఇంకో కారణం కూడా ఉంది, మెడ సన్నబడితే మాస్కు వదులైపోయి మనిషి లోపల కదులుతాడు. మావయ్యకి 6 కిలోలు తగ్గితే మళ్ళీ స్కాన్ తీసి కొత్త మాస్కు చేశారు, అడక్కుండానే. అది ప్లస్.

చుట్ట గురించి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. నాలుగో వారంలో లాడ్జి బాత్రూములో దొరికిపోయాడు. అంత పుండ్ల గొంతుతో! నేను అరిస్తే పట్టించుకోలేదు. డాక్టరమ్మ అరవలేదు, ఇలా చెప్పింది. తాడు తెగినచోట ఆక్సిజన్ ఉంటే ఆ తెగుడు శాశ్వతమైపోతుంది, కణం అతికించుకోలేదు. ఆక్సిజన్ అందని కణాన్ని చంపాలంటే రెండున్నర, మూడు రెట్లు డోసు కావాలి. గడ్డ మధ్యలో అసలే రక్తం సరిగ్గా అందక ఆక్సిజన్ తక్కువ. చుట్ట పొగలో ఉన్న కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన సీట్లో కూర్చుంటుంది. "మీరు చుట్ట తాగి వచ్చిన రోజున మా మిషన్ మీ క్యాన్సర్‌ని కాపాడినట్టే పెద్దాయనా" అంది. అందుకే రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్ కూడా ప్రతి వారం చూసేవాళ్ళు. ఆ రోజునుంచి మానేశాడు. జేబులో పొగాకు బదులు వాటర్ బాటిల్.

ఊళ్ళో ఒక గొడవ, మనవణ్ణి ఎత్తుకోవద్దని పక్కింటివాళ్ళు అత్తకి చెప్పారట, ఒంట్లో కరెంటు ఉంటుందని. ఇలా బయటినుంచి మిషన్‌తో ఇచ్చేదాంట్లో ఒంట్లో ఏమీ మిగలదు, లైటు ఆపితే గదిలో వెలుగు మిగలనట్టే. రేడియోధార్మిక మందు లోపలికి ఇచ్చే ట్రీట్‌మెంట్లు వేరే ఉన్నాయి, వాటి జాగ్రత్తలు వేరు. మావయ్య ఆ సాయంత్రమే మనవణ్ణి భుజం మీద ఎక్కించుకుని వీధంతా తిరిగాడు.

వెళ్ళేముందు పళ్ళు చూపించుకోండి, ఇది అన్ని చోట్లా చెప్పరు. ఈ ఆస్పత్రిలో చెప్పారు. పుచ్చిన పళ్ళు మూడు ముందే తీయించి, గాయం మానడానికి రెండు వారాలు ఆగి మొదలుపెట్టారు. రేడియేషన్ పడ్డ దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంది, ఏళ్ళు గడిచినా ఉంది. మెడకి పెట్టారు కాబట్టి థైరాయిడ్ కూడా మందగించొచ్చు, ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ పరీక్ష.

మూడు నెలలకి పెట్ స్కాన్ చేశారు, ముందే తీస్తే రేడియేషన్ వాపు కూడా జబ్బులా కనపడుతుందని అప్పటిదాకా ఆగమన్నారు. గడ్డ లేదు. నయమైంది అన్న మాట డాక్టరమ్మ వాడలేదు, మొదటి రెండేళ్ళు జాగ్రత్తగా చూడాలి అంది, రెండు మూడు నెలలకోసారి కెమెరా గొట్టం. నోరు ఇంకా ఎండిపోతుంది, అన్నంలో మజ్జిగ లేకపోతే దిగదు. గొంతు పాతది కాదు, కాస్త గరగర. కానీ కాయలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనే బదులు "లాభం" అని మొదలుపెడితే రాశి అవతల ఉన్నవాడికి వినపడుతోంది.

చివరి సిట్టింగు అయ్యాక మాస్కు ఇంటికిచ్చేశారు. అత్త గోదాట్లో పారేయమంది. మావయ్య దానికి పసుపు, కుంకుమ బొట్లు పెట్టి కొబ్బరికాయల కొట్టు గుమ్మానికి దిష్టిబొమ్మగా కట్టాడు. లోడు కోసం వచ్చిన లారీ డ్రైవర్లు ఎవరిదండీ ఈ మొహం అని అడుగుతుంటారు.